ఇంజను లేని బండికి నీళ్ళెందుకు?

ఈ నెల గోడ పత్రికలో సైన్సు భాగం నాకు ఇచ్చారు. నేను కరెంటుతో నడిచే సామాను బండి గురించి, అది వేడెక్కకుండా చూసుకునే పద్ధతి గురించి రాస్తున్నాను.

"కరెంటు బండికి ఇంజను లేదు, డీజిలు లేదు, పొగ లేదు. మరి దానికి రేడియేటరు ఎందుకు? కూలెంటు ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. అడిగి ఊకుంటే ఫరవాలేదు. అవసరం లేదనుకుని చూసుడే మానేస్తారు. కొందరు ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు పోస్తారు. దాని వల్ల బండి పాడైతది, కూలీ పోతది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తది. ఎట్లనో కింద చదవండి.

ఈ విషయం నాకెట్ల తెలిసిందంటే, మా గూడెం అన్న ఒకాయన అప్పు చేసి ఇలాంటి బండి కొని పార్సిళ్ళు మోస్తాడు. బండితో ఇచ్చిన పుస్తకం అంతా ఇంగ్లీషులో ఉంది. సెలవులకు పోయినప్పుడు "నువ్వు చదువుకుంటున్నవు కద చెల్లె, ఇది చదివి చెప్పు" అని నాకు ఇచ్చాడు. డిక్షనరీ పెట్టుకుని ఒక్కొక్క పేజీ చదివాను. అర్థం కానివి సైన్సు మేడంను అడిగాను. అవే మీకు చెప్తున్నాను.

1. కరెంటు సామాను బండి అంటే ఏది?

మనందరం టాటా ఏస్ బండిని చూశాము. 2005లో వచ్చింది. దాన్ని ఛోటా హాథీ అంటారు, అనగా చిన్న ఏనుగు. మన హాస్టళ్ళకు బియ్యం, కూరగాయలు తెచ్చేవి కూడా ఎక్కువగా ఇలాంటి బండ్లే. అదే ఏస్‌ను కరెంటుతో నడిచేటట్లు చేసి 2022 మే నెలలో చూపించారు. 2023 జనవరి నుంచి కొన్నవాళ్ళకు ఇవ్వడం మొదలైంది. మొదట వచ్చిన బండి 600 కిలోల బరువు మోస్తుంది. 2024లో 1000 కిలోలు మోసేది కూడా వచ్చింది.

మొదటి బండి బ్యాటరీలో 21.3 యూనిట్ల కరెంటు పడుతుంది. 100 వాట్ల బల్బును 213 గంటలు వెలిగించేంత అన్నమాట. పరీక్షలో ఒక్క ఛార్జింగుకు 154 కిలోమీటర్లు పోయిందని లెక్క. బరువు, ఎండ, గుంతల రోడ్డు ఉంటే అంత దూరం రాదు. మన బాసర నుంచి నిజామాబాదుకు సుమారు 35 కిలోమీటర్లు. పోయి వస్తే 70.

మూడు చక్రాల కరెంటు ఆటోలు కూడా ఉన్నాయి. మహీంద్రా కంపెనీ వాటిని మన రాష్ట్రంలోనే సంగారెడ్డి జిల్లా జహీరాబాదులో కూడా తయారు చేస్తుంది. చిన్న ఆటోలలో చాలావాటికి గాలే చల్లదనం. బరువు ఎక్కువ మోసే బండ్లకు, తొందరగా ఛార్జింగ్ ఎక్కించే బండ్లకు గాలి చాలదు. వాటికి గొట్టాలలో కూలెంటు తిరుగుతుంది. ఈ వ్యాసం ఆ బండ్ల గురించే.

2. మంట లేకున్నా వేడి ఎక్కడిది?

కరెంటు పోయే ప్రతి తీగలో కొంచెం వేడి పుడుతుంది. ఇస్త్రీ పెట్టె, హీటరు పని చేసేది ఆ వేడితోనే. బండిలో కూడా బ్యాటరీ లోపల, మోటారు లోపల, మోటారును నడిపించే కంట్రోలరు లోపల వేడి పుడుతుంది. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. దీన్ని జౌల్ నియమం అంటారు. అందుకే బండి నిండా లోడుతో ఘాట్ ఎక్కినప్పుడు, తొందర ఛార్జింగు పెట్టినప్పుడు వేడి ఎక్కువ.

ఒక లెక్క చేద్దాం. ఏస్ కరెంటు బండి మోటారు శక్తి ఎక్కువలో ఎక్కువ 27 కిలోవాట్లు. అందులో పదో వంతు వేడిగా పోతుందని అనుకుందాం. అంటే 2.7 కిలోవాట్లు. ఇది మూడు కాయిల్ హీటర్లు ఒక్కసారి వేసినదానికి కొంచెం తక్కువ. ఒక చిన్న డబ్బాలో మూడు హీటర్లు వెలుగుతుంటే ఏమైతదో మీరే ఊహించండి.

ఆ వేడిని మోసుకుపోవడానికి నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు తిరుగుతున్నాయనుకుందాం. ఒక లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్ళు కావాలి. 6 లీటర్లకు 25.2 కిలోజౌళ్ళు. నిమిషంలో పుట్టే వేడి 2.7 ఇంటూ 60, అంటే 162 కిలోజౌళ్ళు. 162ను 25.2తో భాగిస్తే 6.4 వస్తుంది. అంటే మూడు హీటర్లంత వేడిని మోసినా నీళ్ళు ఆరున్నర డిగ్రీలు కూడా పెరగవు! కూలెంటు కలిపిన నీళ్ళయితే ఇంకొంచెం ఎక్కువ పెరుగుతాయి, అంతే. అయితే ఆ నీళ్ళు ఆగకుండా తిరగాలి, మళ్ళీ చల్లబడాలి. నీళ్ళు ఆగితే లెక్క మొత్తం తప్పుతుంది.

3. బ్యాటరీకి ఎంత వేడి మంచిది?

మనకు ఏ వాతావరణం సుఖమో బ్యాటరీకి కూడా ఇంచుమించు అదే సుఖం. 15 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే బాగా పని చేస్తది. వేడిలో పని చేసినా అప్పటికి ఏమీ కాదు, కాని దాని ఆయుష్షు తగ్గుతూ ఉంటది. ఇది పైకి కనిపించదు. ఒక సంవత్సరం తర్వాత "ఇదివరకు ఇంత దూరం పోయేది, ఇప్పుడు పోతలేదు" అని తెలుస్తది. బండి మొత్తంలో చాలా ఖరీదైన వస్తువు బ్యాటరీయే. అప్పు తీరకముందే బ్యాటరీ ముసలిదైతే ఆ ఇంటి పరిస్థితి ఏమి కావాలి?

మన ఆదిలాబాద్, నిర్మల్ దిక్కు మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కొడుతుంది. చలికాలం కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకు పడిపోతుంది. ఒక్క సంవత్సరంలోనే రెండు దిక్కులా హద్దు దాటుతుంది. కాబట్టి చల్లబరిచే ఏర్పాటు మన జిల్లాల బండ్లకు చాలా ముఖ్యం.

వేడి బాగా పెరిగినప్పుడు బండిలోని కంప్యూటరు ముందే జాగ్రత్త పడుతుంది. మోటారు బలం తగ్గిస్తుంది, ఛార్జింగు నిదానం చేస్తుంది. డ్రైవరు "బండికి ఏమో అయ్యింది, గుంజుతలేదు" అనుకుంటాడు. నిజానికి బండి తనను తాను కాపాడుకుంటున్నది.

బ్యాటరీ ప్రమాదం ఎంత పెద్దదో మన పక్కనే చూశాము. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. స్కూటర్లకు మామూలుగా ఈ కూలెంటు పద్ధతి ఉండదు, అది వేరే రకం బండి. కాని బ్యాటరీ హద్దు దాటి వేడెక్కితే లోపల ఒక గది వేడి పక్క గదికి అంటుకుంటుంది, ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాదు. ఇది అన్ని లిథియం బ్యాటరీలకూ వర్తిస్తుంది. ఆ సంవత్సరం దేశంలో చాలా చోట్ల స్కూటర్లు కాలినందుకు ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల నియమాలను గట్టి చేసింది. ఆ కొత్త నియమాలు 2022 డిసెంబరు నుంచి మొదలై రెండు విడతలుగా అమలులోకి వచ్చాయి. ఏస్ బండిలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ మిగతా లిథియం రకాల కంటే వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. తట్టుకుంటుంది అంటే ఏమీ కాదని కాదు.

4. చల్లబరిచే ఏర్పాటులో ఏమేమి ఉంటాయి?

మన ఇంట్లో రంజన్‌లో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? మట్టి గోడ నుంచి నీళ్ళు కొంచెం కొంచెం బయటికి వచ్చి ఆవిరై పోతాయి, పోతూ పోతూ వేడిని తీసుకుపోతాయి. అందుకే రంజన్‌లో నీళ్ళు రోజూ తగ్గుతాయి. బండిలో అట్లా కాదు. నీళ్ళు బయటికి పోవు. అవే నీళ్ళు లోపల గుండ్రంగా తిరుగుతాయి. కాబట్టి బండి సీసాలో నీళ్ళు తగ్గాయంటే "ఎండకు ఇంకినయి" అనుకోవద్దు. ఎక్కడో కారుతున్నట్లు లెక్క.

భాగాలు ఇవి:

చల్ల పలక: బ్యాటరీ అడుగున లేదా మధ్యలో ఉండే లోహపు పలక. దాని లోపల కాలువలు ఉంటాయి. కూలెంటు ఆ కాలువల్లోనే పోతుంది, బ్యాటరీని నేరుగా తాకదు.

పంపు: చిన్న కరెంటు పంపు. మన గుండె రక్తాన్ని తోసినట్లు కూలెంటును తోస్తుంది.

రేడియేటరు, ఫ్యాను: సన్న సన్న రేకుల మధ్య వేడి కూలెంటు పోతుంది, గాలి తగిలి చల్లబడుతుంది. బయట 45 డిగ్రీలు ఉంటే ఒట్టి గాలితో బ్యాటరీని 35కు దించలేము కద! అందుకని కొన్ని బండ్లలో ఫ్రిజ్‌లో ఉండేలాంటి గ్యాసుతో కూలెంటును ఇంకా చల్లబరిచే చిల్లరు కూడా ఉంటుంది.

సీసా: తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని మీద పై గీత, కింది గీత ఉంటాయి. కొన్ని బండ్లలో బ్యాటరీకి ఒకటి, మోటారుకు ఒకటి, రెండు సీసాలు ఉంటాయి.

గొట్టాలు, క్లిప్పులు, వేడి కొలిచే సెన్సార్లు: ఎక్కడ వేడి ఎంత ఉందో సెన్సార్లు కంప్యూటరుకు చెప్తాయి.

5. కూలెంటు అంటే రంగు నీళ్ళు కాదు

కూలెంటులో ముఖ్యంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం, శుద్ధి చేసిన నీళ్ళు, తుప్పు పట్టకుండా చేసే కొన్ని మందులు. సగం గ్లైకాల్, సగం నీళ్ళు కలిపితే అది 100 డిగ్రీలకు కాకుండా సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. చలికి గడ్డ కూడా కట్టదు.

మన బోరు నీళ్ళు ఎందుకు పోయవద్దు? హాస్టల్ వంటగదిలో నీళ్ళు కాచే గంజు లోపల చూడండి. తెల్లగా, గరుకుగా ఒక పొర పట్టి ఉంటుంది. అది నీళ్ళలో కరిగి ఉన్న సున్నం వంటి లవణాలు. గంజుకు పట్టినట్లే చల్ల పలక కాలువలకు కూడా పడుతుంది. ఆ కాలువలు చాలా సన్నవి. పొర పడితే నీళ్ళు పోవు, వేడి దాటదు. ఇంకోటి, లవణాలు ఉన్న నీళ్ళలో నుంచి కరెంటు పోతుంది. ఎప్పుడైనా పలక పగిలి ఆ నీళ్ళు బ్యాటరీలోకి కారితే షార్టు అయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే చాలా కంపెనీలు కరెంటు బండ్ల బ్యాటరీకి కరెంటును తక్కువగా పోనిచ్చే ప్రత్యేక కూలెంటునే వాడమంటాయి.

రంగు చూసి కొనవద్దు. ఆకుపచ్చ, గులాబీ, నీలం, నారింజ ఇవన్నీ గుర్తు కోసం కంపెనీ కలిపే రంగులు. ఒకే రంగు ఉన్న రెండు సీసాల్లో మందులు వేరు వేరుగా ఉండవచ్చు. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు ముద్దలు కట్టి గొట్టాలు మూసుకుపోతాయి. పుస్తకంలో ఏ పేరు రాసి ఉంటే అదే పోయాలి.

పైన చెప్పిన అన్న బండికి ఇదే జరిగింది. మే నెలలో సీసాలో నీళ్ళు కింది గీతకు వచ్చాయి. రోడ్డు పక్క ఒకాయన "ఇంజను లేని బండికి ఏ నీళ్ళయితే ఏంది" అని బోరు నీళ్ళు పోయించాడు. నాలుగు రోజులకు మళ్ళీ తగ్గాయి, మళ్ళీ పోశారు. తర్వాత ముందర ఎర్ర లైటు వెలిగింది. బండి ఎడ్ల బండి లెక్క నడవసాగింది. అసలు సంగతి ఏమంటే ఒక గొట్టం క్లిప్పు వదులై కారుతున్నది. క్లిప్పు బిగిస్తే పోయేదానికి మొత్తం కూలెంటు తీసి, లోపల కడిగి, కొత్తది పోయవలసి వచ్చింది. మూడు రోజులు పని లేదు, మూడు రోజుల కూలీ లేదు. అప్పు కిస్తీ మాత్రం ఆగలేదు.

6. డ్రైవరు తానే చేసుకోగల పనులు

వీటికి సామాన్లు అక్కరలేదు, కండ్లు ఉంటే చాలు.

పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు సీసా చూడాలి. నీళ్ళు రెండు గీతల మధ్య ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు మట్టం పెరిగి కనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు.

బండి తీసిన తర్వాత కింద నేల చూడాలి. రంగు నీళ్ళ మరకలు, జిగట ఉంటే కారుతున్నట్లే.

రేడియేటరు రేకులు చూడాలి. మన దగ్గర పత్తి ఏరే కాలంలో దూది గాలికి ఎగిరి రేకులకు అతుక్కుంటుంది. వానకాలం బురద, ఎండకాలం దుమ్ము. దూది కప్పుకుంటే మనం మే నెలలో రగ్గు కప్పుకున్నట్లే. మెత్తటి బ్రష్‌తో తుడవాలి, లేదా సన్న ధారతో నీళ్ళు పోయాలి. సర్వీసింగ్ షాపులో కార్లు కడిగే జోరు ధారతో కొడితే రేకులు వంగిపోతాయి, గాలి దూరదు.

ఎండలో తిరిగి రాగానే తొందర ఛార్జింగు పెట్టవద్దు. వీలుంటే చెట్టు నీడలో కొంచెం సేపు ఆపి పెట్టాలి.

సీసాలో రంగు మారినా, బురదగా ఉన్నా, ముందర లైటు వెలిగినా సర్వీసు సెంటరుకు ఫోను చేయాలి. ఊహతో ఏదీ పోయవద్దు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దు. కుక్కరు విజిల్ లేస్తుండగా మూత తీస్తే ఏమైతదో వంట అక్కకు తెలుసు. రెండు, తాళం తీసినా, ఛార్జింగులో ఉన్నా ఫ్యాను దానంతట అదే తిరగవచ్చు. వేళ్ళు, జడ, చున్నీ దగ్గర పెట్టవద్దు.

7. నేర్చుకున్న మెకానిక్ మాత్రమే చేసే పనులు

బండి కింద నారింజ రంగు తీగలు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ వోల్టేజి ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే డిసి కరెంటు 60 వోల్టులు దాటితే మనిషికి ప్రమాదం అని లెక్క. ఈ తీగలను, వాటికి కలిసిన డబ్బాలను మనం ముట్టవద్దు. మూత విప్పవద్దు.

మెకానిక్ చేసే పని వరుస ఇట్లా ఉంటుంది.

మొదట బండి ఆపి, తాళం తీసి దూరంగా పెడతారు. చిన్న 12 వోల్టుల బ్యాటరీ తీగ విప్పుతారు. రబ్బరు గ్లౌజులు వేసుకుని పెద్ద బ్యాటరీ సర్వీసు ప్లగ్గు తీస్తారు. వెంటనే పని మొదలుపెట్టరు. కంట్రోలరులో కరెంటు కొంచెం సేపు నిలిచి ఉంటుంది కాబట్టి పుస్తకంలో చెప్పిన నిమిషాలు ఆగుతారు. తర్వాత మీటరుతో కొలిచి సున్నా వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెడతారు.

తర్వాత పాత కూలెంటును కింద తట్ట పెట్టి పడతారు. ఎంత వచ్చిందో కొలుస్తారు. తక్కువ వస్తే ఎక్కడ పోయిందో వెతకాలి. సీసా మూతి దగ్గర చేతి పంపు బిగించి కొంచెం గాలి ఒత్తిడి పెడతారు. ముల్లు నిలబడితే మంచిది. ముల్లు పడిపోతే ఎక్కడో రంధ్రం ఉన్నట్లు. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు పడిపోతే చల్ల పలక కారుతుందేమో అని అనుమానించాలి. అది అన్నింటికన్నా ప్రమాదం.

గొట్టాలు వత్తి చూస్తారు. పగుళ్ళు, ఉబ్బు ఉంటే మారుస్తారు. క్లిప్పులు బిగిస్తారు. కొత్త కూలెంటు పోస్తారు.

ఇక్కడ అసలు కిటుకు ఉంది. పోసిన తర్వాత లోపల గాలి ఉండిపోతుంది. మన చేన్ల మోటారుకు "గాలి పట్టింది, నీళ్ళు పోస్తలేదు" అంటారు కద, ఇక్కడ కూడా అంతే. గాలి బుడగ ఉన్న చోట వేడిని తీసుకుపోయేది ఏదీ ఉండదు. సీసా నిండుగా కనిపిస్తది, లోపల బ్యాటరీ ఒక మూల కాగుతుంటది. అందుకని తీసిన ప్లగ్గులు మళ్ళీ పెట్టి, కంప్యూటరుతో పంపును నడిపించి గాలి మొత్తం వెళ్ళగొడతారు. కొన్ని చోట్ల ముందే గొట్టాల్లో గాలి పీల్చేసి తర్వాత కూలెంటు నింపే మిషను వాడతారు. బండి కొంత దూరం నడిపి, చల్లబడిన తర్వాత మట్టం మళ్ళీ చూస్తారు. చివరకు తేదీ, కిలోమీటర్లు, కూలెంటు పేరు పుస్తకంలో రాస్తారు. రాయని సర్వీసు చేయని సర్వీసుతో సమానం అని నా అభిప్రాయం. ఎందుకంటే తర్వాత వచ్చే మెకానిక్‌కు లోపల ఏముందో తెలియదు.

ఎన్ని రోజులకు ఒకసారి మార్చాలి? అన్ని బండ్లకు ఒకే లెక్క లేదు. పుస్తకంలో సంవత్సరాలు, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి.

8. ఇది మాత్రం అందరూ తప్పకుండా చదవండి

బండి లేనివాళ్ళు, మెకానిక్ కానివాళ్ళు కూడా చదవండి.

ఇథిలీన్ గ్లైకాల్ విషం. కాని దాని రుచి చేదుగా ఉండదు, తియ్యగా ఉంటుంది. రంగు చూస్తే సోడా, శర్బత్ లాగా ఉంటుంది. చిన్నపిల్లలు, కుక్కలు, మేకలు తాగే ప్రమాదం అందుకే.

మన ఇండ్లలో ఖాళీ కూల్‌డ్రింకు సీసా పారేయము. నూనెకు, కిరోసిన్‌కు, పురుగు మందుకు కూడా వాడతాము. ఆ అన్న కూడా మిగిలిన కూలెంటును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టాడు. నాలుగేండ్ల బిడ్డ పీట ఎక్కి మూత తీసింది. వదిన చూసి గుంజుకున్నది కాబట్టి బతికింది. ఆ రోజు ఇంట్ల ఎవరూ అన్నం తినలేదు.

ఎవరైనా తాగితే మొదట తాగినవాళ్ళ లాగా తూలుతారు, వాంతి చేసుకుంటారు. కొన్నిసార్లు కొంచెం తేరుకున్నట్లు కూడా కనిపిస్తారు. "తగ్గింది" అనుకుని ఇంట్లో ఉంచవద్దు. శరీరం లోపల అది వేరే విషంగా మారుతూ ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. ప్రాణం పోవచ్చు. దీనికి విరుగుడు ఉంది, కాని తొందరగా ఇస్తేనే పని చేస్తుంది. కాబట్టి వెంటనే 108కి ఫోను చేయాలి. ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. పసరు పోయవద్దు. తాగిన సీసాను డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకుపోవాలి.

కూలెంటును దాని డబ్బాలోనే, మూత గట్టిగా పెట్టి, పిల్లలకు అందని చోట ఉంచాలి. పాత కూలెంటును కాలువలో, చేనులో, గోదావరిలో పారబోయవద్దు. గోదావరి నీళ్ళే మనకు తాగు నీళ్ళు, పశువులకు కూడా. డబ్బాలో పట్టి సర్వీసు సెంటరుకే ఇవ్వాలి. నేల మీద ఒలికితే మన్ను లేదా ఇసుక పోసి ఎత్తేయాలి, కుక్కలు నాకకుండా.

9. ఈ పని ఎవరు నేర్చుకోవచ్చు?

పదో తరగతి పాసైతే ఐటిఐలో కరెంటు వాహనాల మెకానిక్ అనే కోర్సు ఉంది. రెండు సంవత్సరాలు. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటిఐలను కొత్త మిషన్లతో మార్చే పని మొదలుపెట్టింది. వాటిలో నేర్పే కోర్సులలో ఇది కూడా ఉంది. ఆడపిల్లలు చేరవద్దని ఎక్కడా రాసి లేదు. పైన రాసిన పనులలో బలంతో చేసేవి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. కొలవడం, ఆగడం, చూడడం, రాయడం, ఇవే ఎక్కువ. ఇవి మనం రోజూ తరగతిలో చేసేవే.

మన గూడేలలో ఇప్పుడు బండ్లు వస్తున్నాయి. బండి తెచ్చేవాళ్ళు అన్నలు, బావలు. పుస్తకం మాత్రం బండి పెట్టెలో ఇంగ్లీషులో ఉంటుంది. కాబట్టి సెలవులకు పోయినప్పుడు ఎవరి ఇంట్లో ఇలాంటి బండి ఉన్నా మూడు పనులు చేయండి. సీసా గీతలు చూపించండి. కూలెంటు పేరు తెలుగులో ఒక కాగితం మీద రాసి బండిలో అంటించండి. గూట్లో కూల్‌డ్రింకు సీసాలు వెతకండి. ఈ మూడింటికి అర్ధగంట కూడా పట్టదు.

ఆలోచించండి, జవాబు చెప్పండి

ఒకటి: సీసాలో కూలెంటు రెండు గీతల మధ్యే ఉంది, అయినా బ్యాటరీ వేడెక్కుతున్నది. కారణాలు ఏమేమి కావచ్చు? కనీసం మూడు రాయండి.

రెండు: రంజన్‌లో నీళ్ళు రోజూ తగ్గితే మంచిదే, బండి సీసాలో తగ్గితే మంచిది కాదు. ఎందుకు?

మూడు: మోటారులో 2.7కు బదులు 1.35 కిలోవాట్ల వేడి పుడితే, నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు ఎన్ని డిగ్రీలు పెరుగుతాయి?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి సైన్సు మేడం టేబుల్ మీద పెట్టండి. సరైన జవాబులు వచ్చే నెల ఇక్కడే అంటిస్తాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, బాసర